పల్లవికి ముందు చప్పుడు

ఆ ఉదయం అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎన్నో ఏళ్ళుగా మనసులో దాచుకున్న వేణువు బిట్టును పాత క్యాసెట్ ప్లేయరులో మోగించి, పక్కన ఫోను పెట్టి రికార్డు చేసి, కాఫీ చల్లారేలోపు గ్రూపులో పెట్టేయడం. అంతే.

గ్రూపు పేరు 'పల్లవికి ముందు'. పాత పాటల పిచ్చి ఉన్న కొందరు, ఒకరి ముఖం ఒకరు ఎరగకుండానే, రోజూ పొద్దున్నే అక్కడ పోగవుతారు. ఒకరు ఏదో పాటలో వాద్యాలు మాత్రమే మోగే చోటు నుంచి చిన్న ముక్క కోసి పెడతారు. అది ఏ పాటో మిగిలినవాళ్ళు చెప్పాలి. ముందుగా చెప్పినవాళ్ళది మర్నాటి ప్రశ్న. నియమాలు రెండే. ముక్కలో మనిషి గొంతు వినబడకూడదు. లేని పాటను ఉన్నట్టు పెట్టకూడదు. తప్పినవాళ్ళకు గ్రూపు నుంచి సెలవు. ఒకసారి ఒకాయన తన కీబోర్డు మీద తానే వాయించుకున్నది పాత సినిమాలోదని పెట్టి దొరికిపోయాడు. ఆయన ఊసు ఇప్పుడు ఎవరూ ఎత్తరు.

అతను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాల అంచులను ఫ్రేముకు తగ్గట్టు అరగదీస్తాడు. ఆ రొదలో మాట్లాడేది ఉండదు, మాట్లాడినా వినబడదు. ఇంట్లోనూ అంతే. ఒక వాక్యాన్ని మనసులో సిద్ధం చేసుకునేసరికి సంభాషణ వీధి మలుపు తిరిగిపోయి ఉంటుంది. గ్రూపులో జవాబు తెలిసినా, తెలిసిందన్న సంతోషంలో కాసేపు తేలుతూ ఉండిపోతాడు. ఈలోగా ఇంకెవరో చెప్పేస్తారు. అందుకే అక్కడ అతనికి 'నిశ్శబ్దంగారు' అని పేరు పడింది. నిన్న మొదటిసారి, మిగిలినవాళ్ళకు నెట్ పోయిందో ఏమో, అతని జవాబే ముందు పడింది. రాత్రంతా అతను నిద్రలో నీళ్ళ మీద నడిచాడు.

హాల్లో ఫ్యాను హోరు. అందుకని ప్లేయరును వంటింటి గట్టు మీదికి తెచ్చుకున్నాడు. వంటింటి వెనక చిన్న వరండాలో వాషింగ్ మెషిన్ తిరుగుతోంది. దాని చప్పుడు పడుతుందేమో చూద్దామని ముందు ఊరికే ఒకసారి రికార్డు చేశాడు. మొదట్లో కాస్త విన్నాడు, పడుతోంది. తలుపు మూసి, ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి, ఈసారి వేణువును రికార్డు చేశాడు. ఆ వేణువులో తెల్లవారుజాము మంచు ఉంటుంది. ఆ మంచులోంచి ఇంకా బయటికి రాకుండానే వేలితో ఒక ముక్కను తాకి గ్రూపులోకి పంపి, బస్సు కోసం పరుగెత్తాడు.

దుకాణంలో పని వేళ ఫోన్లు సొరుగులో ఉండాలి. భోజనాల వేళకు తీసి చూస్తే సందేశాలు కొండలా పడి ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కటీ లేదు. ముక్కను నొక్కి విన్నాడు. గరగరమని వాషింగ్ మెషిన్.

'క్షమించండి, పొరపాటున' అని టైపు చేసి, దానికి పైన ఉన్నది చదివాడు. రాసింది డాక్టరమ్మ. పసిపిల్లల డాక్టరు, ఎవరినీ తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు.

"నిశ్శబ్దంగారూ, ఇన్నాళ్ళూ ఈ చెవిని ఎక్కడ దాచారండీ? వెనక ఆ తంబురా, దాని మీద ఆ క్లారినెట్! పొద్దుటి నుంచీ పేషెంట్ల ఏడుపు కూడా నాకు శ్రుతిలోనే వినిపిస్తోంది."

దాని కింద, 'సందేహం' అనే ముద్దుపేరున్న ఇన్సూరెన్సు ఏజెంటు. "క్లారినెట్ కాదండీ, సారంగి. నాకు డౌటే లేదు." ఆయనకు డౌటు లేకపోవడం గ్రూపు చరిత్రలో అదే మొదటిసారి.

అందరికన్నా పెద్దవాడు, రిటైరైన స్టేషన్ మాస్టారు, వాయిస్ మెసేజే పెట్టాడు. "బాబూ, ఇది నేను చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో విన్న పాట. పేరు నోటి చివర ఉంది. కథానాయిక నీలం చీర కట్టుకుని బావి దగ్గర నిలబడుతుంది."

"మాస్టారూ, అప్పటి సినిమాలు బ్లాక్ అండ్ వైట్ కదా. నీలం ఎలా కనబడింది?" అని సందేహం.

"నీలం అనేది కంటికి కాదయ్యా, మనసుకు కనబడుతుంది. నీకు రెండోది ఉంటే తెలిసేది."

అతను టైపు చేసింది చెరిపేశాడు. అబద్ధం చెప్పడానికి అతనికి ధైర్యం చాలదు. నిజం చెప్పడానికి తొందర చాలదు. ఆ రెంటి మధ్య హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చునేంత చోటు ఉంటుందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ విన్నాడు. నిజమే. ఆ గరగర మీద ఏదో ఉంది. చెరువు మీద పొగలా లేచి, ఒక మెట్టు ఎక్కి, తటపటాయించి, దిగివచ్చే నాదం. మెషిన్‌లోని డ్రమ్ము పాడుతోంది! ఇన్నేళ్ళూ తన లోదుస్తులు ఉతికిన యంత్రం కడుపులో ఇంత బాధ ఉందా అని అతనికి కళ్ళు చెమర్చాయి.

సాయంత్రానికి ఒకటే పోరు. "ఇంకొంచెం వినిపించండి." అతని భార్యది రక్తపరీక్షల ల్యాబ్‌లో మధ్యాహ్నం షిఫ్టు, ఆవిడ ఇంకా రాలేదు. అతను ఇంటికి రాగానే మెషిన్ తిప్పి, ఫోను పట్టుకుని పక్కన కూర్చున్నాడు. గరగర వచ్చింది. పాట రాలేదు. బహుశా బట్టలను బట్టి ఉంటుందనుకున్నాడు. తువాళ్ళు వేశాడు. తీసి దుప్పట్లు వేశాడు. దుకాణానికి వేసుకెళ్ళే ప్యాంట్లు, అప్పుడే ఇస్త్రీ అయి వచ్చిన చొక్కాలు, చివరికి తలుపు తెరలు కూడా వేశాడు. మెషిన్ నోరు మెదపలేదు. ఆవిడ వచ్చేసరికి ఇంట్లో పొడిగుడ్డ అంటూ లేదు. అతను బొంత చుట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమండీ, ఏమిటీ వేషం?"

"పొద్దున మెషిన్లో ఏం బట్టలు వేశావు?"

"బట్టలే వేశాను. ఏం?"

"ఏ బట్టలు? వరసగా చెప్పు."

ఆవిడ సంచి కింద పెట్టి, మైక్రోస్కోపులో నమూనాను చూసినట్టు అతణ్ణి చూసింది. "ఆ మెషిన్ ఎలాగూ మూలుగుతోంది. ఆదివారం మెకానిక్కును రమ్మన్నాను. నాలుగు రోజులు ఓపిక పట్టండి."

అతనికి పైప్రాణాలు పైనే పోయాయి. మర్నాడు దుకాణం నుంచి మెకానిక్కుకు రహస్యంగా ఫోను చేశాడు. ఆ మెకానిక్కు పనిలో నిక్కచ్చి మనిషి. వెంటనే ఆవిడకు ఫోను చేసి ధ్రువపరచుకున్నాడు. "అమ్మా, మీవారు రావద్దంటున్నారు. మెషిన్ చప్పుడు బాగుందట. బాగుచేస్తే పాడవుతుందట."

ఆవిడ అతణ్ణి అప్పటికి ఆగమంది. ఆ రాత్రి ల్యాబ్ నుంచి సిరంజి తెచ్చింది.

"చెయ్యి చాపండి."

"నాకేమైందని?"

"అదే చూద్దామని. పిడికిలి బిగించండి. మనసులో ఏమైనా పెట్టుకుంటే చెప్పండి, సూది తప్పుతుంది."

అతను చెప్పబోయాడు. వాక్యం సిద్ధమయ్యేలోగా ఆవిడ దూది నొక్కి లేచిపోయింది. రిపోర్టులో అన్నీ మామూలుగానే వచ్చాయి. ఆవిడను అదే ఎక్కువ కలవరపెట్టింది.

ఇటు గ్రూపులో వేడి పెరిగిపోయింది. ఆ పాట రికార్డు తన మేనమామ అటక మీద ఉండేదని సందేహం ప్రకటించాడు. ఆ క్లారినెట్ వాయించినాయన చెయ్యి ఎందుకు వణికేదో డాక్టరమ్మ వైద్యపరంగా వివరించింది. లేని పాటకు చుట్టాలు పుట్టుకొస్తుంటే అతనికి కీబోర్డు ఆయన గుర్తొచ్చాడు. సెలవు ఇచ్చేస్తే ఇక తనను పేరు పెట్టి పిలిచే చోటు లోకంలో ఒక్కటీ ఉండదు. ఆ పేరు నిశ్శబ్దమే అయినా సరే. గడువు కోసం ఒక్క వాక్యం రాశాడు: "ఆదివారం మొత్తం వినిపిస్తాను."

వెంటనే స్టేషన్ మాస్టారి గొంతు: "పిలిచావు, అదే పదివేలు నాయనా! వస్తున్నాం. ఈ చెవులు సన్నగిల్లుతున్నాయి. వినికిడి మిషను పెట్టుకోకముందే ఒక్కసారి సొంత చెవులతో వినాలి."

గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది.

ఆదివారం ఉదయం ముగ్గురూ వచ్చారు. ఇన్నేళ్ళ స్నేహితులు ఒకరికొకరు ఇంత పొట్టిగా, ఇంత మామూలుగా ఉంటారని ఎవరూ అనుకోలేదు. డాక్టరమ్మ గోడలకేసి చూసింది. "రికార్డు ఏదండీ?"

అతని భార్య అప్పటికే బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్ళింది. ఇదే సమయం. అతను హాలు మధ్యలో నిలబడి, జీవితంలో మొదటిసారి ఒక వాక్యాన్ని సిద్ధం చేసుకోకుండా అనేశాడు.

"అది మా వాషింగ్ మెషిన్."

సందేహం పగలబడి నవ్వాడు. "చూశారా, క్లూ ఇస్తున్నారు! చాకలిరేవు పాటన్నమాట!"

"నిజమండీ. పొరపాటున పంపాను."

"గొప్పవాళ్ళందరూ ఇలాగే తప్పించుకుంటారు," అంది డాక్టరమ్మ.

స్టేషన్ మాస్టారు అతని భుజం తట్టాడు. "ఊరించింది చాలు నాయనా. పెట్టు."

ఇక చేసేదేముంది? వరండాలోకి వెళ్ళి ఖాళీ మెషిన్నే తిప్పి వచ్చాడు. గరగర మొదలైంది. ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. కళ్ళు మూసుకునే ఉన్నారు. సందేహం ఒక కన్ను తెరిచాడు. డాక్టరమ్మ ముఖంలో మొదట మర్యాద, తర్వాత అనుమానం, తర్వాత అతను ఎప్పటి నుంచో భయపడుతున్నది కనిపించాయి.

"ఇదా?" అంది.

మాస్టారు మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ప్లాట్‌ఫారం మీద రాని బండి కోసం ఎదురుచూసేవాడిలా కూర్చుండిపోయాడు. ఆ చెయ్యి మెల్లగా దిగిపోతుంటే అతనికి తన సెలవు సంగతి కూడా గుర్తులేదు.

వెనక మెట్ల మీద అడుగులు వినిపించాయి. వరండాలో ఎవరో గొణిగారు. "ఖాళీ మెషిన్ తిప్పి పోయారా? నా కర్మ." తర్వాత కొంచెంసేపు గరగర. ఆ గరగర మీద, చెరువు మీద పొగలా, ఒక నాదం లేచింది. మెట్టు ఎక్కింది. తటపటాయించింది. దిగివచ్చింది.

"ఇదే! బాబూ, ఇదే!" మాస్టారు లేచి నిలబడ్డాడు.

నలుగురూ వంటింట్లోంచి వరుసగా వెళ్ళి వరండా తలుపు దగ్గర ఆగారు. ఆవిడ వీళ్ళవైపు వీపు పెట్టి, మెషిన్ మీద గుడ్డలు మడతపెడుతూ, పెదవులు మూసుకుని కూనిరాగం తీస్తోంది. పొద్దుటి ఎండ పక్కన బకెట్లోని సబ్బునురగలో చిన్న చిన్న రంగులుగా విరుగుతోంది. ఈ వరండాలో రోజూ ఇదే జరుగుతోందని, రోజూ ఆ వేళకు తన చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయని అతనికి అప్పుడు తట్టింది. ఎక్కడెక్కడి పాటల్లోనో ఏ మూల ఏ తీగ మోగిందో చెప్పగలడు. ఈ గొంతును మాత్రం డ్రమ్ము అనుకున్నాడు.

ఆవిడ తిరిగి చూసి ఉలిక్కిపడింది. "ఎవరండీ వీళ్ళంతా?"

"అమ్మా, ఆ పాట ఏ సినిమాలోది?" అన్నాడు మాస్టారు.

"సినిమాలోది కాదండీ. నేనే ఊరికే అనుకుంటుంటాను. ఈ మెషిన్ మూలుగు శ్రుతిలా పట్టుకుని ఉంటుంది కదా, నోరు దానంతటదే లేస్తుంది."

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "మేము… క్లారినెట్ అనుకున్నాం."

"సారంగి," అన్నాడు సందేహం నీరసంగా.

"నా గొంతా?" ఆవిడ భర్తవైపు చూసింది. "మరి మీరేమనుకున్నారు?"

అతను మెషిన్ వైపు చూశాడు. ఆవిడకు బొంత, తలుపు తెరలు, మెకానిక్కు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. నవ్వు ఆపుకోలేక మెషిన్ మీద వాలిపోయింది. "అనవసరంగా రక్తం తీశానండీ!"

మేనమామ అటక గురించి సందేహం ఇక మాట్లాడలేదు. మాస్టారు మాత్రం ఓడిపోయినవాడిలా లేడు. ఆవిడను తేరిపార చూసి, చేతికర్రతో నేలమీద ఒకటి కొట్టాడు. "నీలం చీర! చెప్పానా లేదా?"

ఆవిడ కట్టుకున్నది నీలం చీరే.

కాఫీలయ్యాక విచారణ జరిగింది. "మనిషి గొంతు పెట్టారు, లేని పాట పెట్టారు. ఒకే ముక్కలో రెండు నియమాలూ తప్పిన ఘనత ఇంతవరకూ ఎవరికీ లేదు," అంది డాక్టరమ్మ. "నియమం నియమమే గురువుగారూ," అన్నాడు సందేహం, ఎంతో ప్రేమగా. "ఖాళీ అయిన చోటు అమ్మాయికిద్దాం," అన్నాడు మాస్టారు. చేతులెత్తమంటే నాలుగు చేతులు లేచాయి. అందులో అందరికన్నా ముందు లేచింది అతనిదే.

మెకానిక్కును మళ్ళీ పిలవలేదు. ఇప్పుడు గ్రూపులో ఆ పూట ప్రశ్న ఏమిటో తెలుసుకోవాలంటే అతను ఇయర్‌ఫోన్లు తీసేసి, వరండాలోకి వెళ్ళి, భార్యను అడగాలి. ఆవిడేమో మెషిన్ ఆగేదాకా వినిపించుకోదు.