నోరు తెరిచే అర్హత

మసీదు పెద్ద ఖోల్‌మురోద్ మీద నాకు కోపం లేదు. నా తోట పోగొట్టిన మనిషి మీద కోపగించుకోవడానికి కూడా ఏదో అర్హత పత్రం కావాలేమోనని భయం.

నిఖా ఎవరు చదవాలో ఇప్పుడు చట్టం ఉంది. ముద్ర ఉన్నవాడే చదవాలి. ఖోల్‌మురోద్ మొన్నటిదాకా ఎరువుల గోదాములో గుమస్తా; పరీక్ష రాసి ముద్ర తెచ్చుకున్నాడు. నలభై ఏళ్లుగా మా లోయలో నిఖాలన్నీ చదివిన ఇసోమిద్దిన్ తాతకు ముద్ర లేదు. కనుక ఆయన పెళ్లికి రావచ్చు, పలావు తినవచ్చు, నోరు మాత్రం తినడానికే తెరవాలి. ఒకచోట అలవాటుకొద్దీ గట్టిగా ‘ఆమీన్’ అన్నందుకు జరిమానా వేశారు. న్యాయమే. ఇవాళ ఆమీన్ అన్నవాడు రేపు నిఖా చదవడా?

మా అమ్మాయి గుల్నమో పెళ్లిలో ఖోల్‌మురోద్ గొంతు సవరించుకుని అడిగాడు: “అమ్మాయ్, ఒప్పుకుంటున్నావా?”

పిల్ల పలకలేదు. పలకదు. మాలో పెళ్లికూతురు మొదటిసారికే ఔనంటే ఇంటి పరువు పోతుంది. ఏడెనిమిదిసార్లు అడగాలి, మధ్యమధ్య తండ్రి ఏదో ఒకటి ఇస్తాననాలి, ఆడవాళ్లు నవ్వాలి. ఇచ్చేదేమీ ఉండదు. మా ఆవిడకు మామగారు గుర్రం ఇస్తానన్నారు. అది ఇరవై నాలుగేళ్లుగా దారిలోనే ఉంది.

ఖోల్‌మురోద్ గడియారం చూశాడు. “మూడుసార్లే అడుగుతా. అప్పటికీ పలక్కపోతే ‘సమ్మతి లేదు’ అని రాసేస్తా. నాకింకా నాలుగు పెళ్లిళ్లున్నాయి.”

పెళ్లికొడుకు తండ్రి టోపీ సర్దుకుని లేచాడు.

నేను మూలనున్న ముసలాయన వైపు తిరిగాను. “తాతా, ఇది ఆచారమని మీరైనా చెప్పండి!”

ఆయన పెదవి కదపకుండా గొణిగాడు. “ఊరుకోరా. ఆగమని చెప్పినా నిఖా జరిపినట్టేనట. ఆ ఒక్క ఆమీన్‌కే గొర్రెనమ్ముకున్నా.”

ఖోల్‌మురోద్ రెండోసారి అడిగాడు. ఆవునిస్తానన్నాను.

“మా నాన్న గుర్రమెక్కి వస్తుందా బావా, ఆ ఆవు?” అంది తెరవెనక మరదలు. అందరూ నవ్వారు. పిల్ల పలకలేదు.

మూడోసారి అడిగేశాడు. కలం కాగితం మీదికి దిగుతోంది.

“ఖుబానీ పళ్ల తోటంతా నీకేనే తల్లీ, పలకవే!” అని అరిచాను.

“ఔను!” అంది గుల్నమో, వీధి చివరికి వినబడేలా.

ముద్ర ఉన్నవాడి ఎదుట అన్న మాటంతా రాయాలట. తోట మాట కూడా రాసి ముద్ర వేశాడు.

“సరదాకన్నాను నాయనా!”

“ఈ ఫారంలో సరదాకు గడి లేదు బాబాయ్.”

వారం తిరక్కుండా అల్లుడు తోట కొలవడానికి టేపు పట్టుకొచ్చాడు.

ఖోల్‌మురోద్ నిఖా కూడా ఇసోమిద్దిన్ తాత చదివిందే. అతని భార్య తొమ్మిదోసారికి గానీ పలకలేదు. ఈ సంగతి మా ఇంట పలావు తిన్న నూటయాభై మందికీ తెలుసు. ఒక్కరి దగ్గరా ముద్ర లేదు గనక ఒక్కరూ మాట్లాడలేదు. చట్టాన్ని గౌరవించే ఊరు మాది.

పోయింది ఏడు వందల చదరపు మీటర్ల నేల, పంతొమ్మిది చెట్లు.