కోత పండుగ కంప్యూటర్ కేసు

"ఈ ప్రపంచంలో నేరాలు రెండే రకాలు, డేవిడ్! నేను ఛేదించినవి, ఇంకా నా దాకా రానివి!"

హుస్నాబాద్ బస్టాండు ఎదుట తన రీఛార్జి కొట్టులో ప్లాస్టిక్ స్టూలెక్కి నిలబడి కైలాసం ఈ మాట ప్రకటించాడు. ట్యూబ్‌లైటు బూజు దులపడానికి ఎక్కాడు లెండి. దులుపుతూ దులుపుతూ మేధావి అయిపోయాడు.

నిజం చెప్పాలంటే ఆ మొదటి రకంలో ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. కిందటేడు మా గల్లీలో ఒక మేక తప్పిపోతే భూతద్దం పట్టుకుని ఊరవతలి చేన్ల దాకా పోయాడు. చీకటి పడకముందే మేక దానంతట అదే ఇంటికొచ్చింది. పాపం, మేకను పోగొట్టుకున్నాయనే వీణ్ణి వెతకడానికి బయల్దేరాల్సి వచ్చింది. అయినా మనవాడు తగ్గాడా? కార్డులు అచ్చేయించాడు. 'డిటెక్టివ్ కైలాసం: హత్యలు, అపహరణలు, అంతర్జాతీయ కుట్రలు' అని పైన, 'అన్ని ఫోన్లకు గ్లాసు వేయబడును' అని కింద.

నేను వాడి బడి స్నేహితుణ్ణి. నాకో ఆటో ఉంది. డిటెక్టివ్‌గారికి ఉచిత వాహనం అదే. కేసు మీద ఉన్నప్పుడు కైలాసం అచ్చు పుస్తకాల భాషలో మాట్లాడతాడు. భయమేస్తే మాత్రం హుస్నాబాద్ భాషలోకి వచ్చేస్తాడు. ఆ తేడా తెలిస్తే వాడితో వేగడం కాస్త తేలిక.

ఆ రోజు వాడు స్టూలు దిగకముందే క్యాథరిన్ వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. మిషనరీల కాలం నాటి మా చిన్న చర్చిలో నేను డోలక్ వాయిస్తాను, ఆమె కంప్యూటర్ నడుపుతుంది. పాటల మాటల్ని గోడ మీద పెద్ద అక్షరాల్లో వేస్తే, అందరూ చూసి పాడతారు.

"కైలాసమన్నా, జర నా బాధ ఇనవా?" అంది. "మొదటి పాట మంచిగనే నడుస్తదన్నా. రెండో పాట కాడికి వచ్చేసరికి లోపట ఫ్యాను గుయ్యిమని మొత్తుకుంటది. మౌస్ కదల్ది. అక్షరాలు రావు. ప్రతి ఆదివారం గిదే తంతు."

అది నిజమే. మొన్న గోడ మీద 'దారి తప్పితిని తండ్రీ' అనే ఒక్క లైను దగ్గర ఆగిపోయింది. మా సంఘం మహా విధేయమైన సంఘం. గోడ మీద ఏముంటే అదే పాడుతుంది. నా అరచేతులు వాచేదాకా అందరం దారి తప్పుతూనే ఉన్నాం. ఆరాధన అయ్యాక సత్తవ్వ వచ్చి, "గీ పాట మస్తున్నది బిడ్డా, ఇట్టె నోటికచ్చింది" అని మెచ్చుకుని పోయింది.

"వచ్చే ఆదివారం కోత పండుగ," అంది క్యాథరిన్. "నేను రాసిన పాట పాడుతరు. కొత్త పాట, ఎవ్వలికి రాదు. గోడ మీద పడకుంటే ఎట్ల పాడుతరు? నేనే అడ్డమైనయి ఎక్కిచ్చి పెట్టె ఖరాబు చేసిన్నని అందరనుకుంటుండ్రు. మల్ల గిట్లయితే దాన్ని అమ్మి పారేస్తమని, నన్నింక గాడ కూసోనియ్యనని సంఘపెద్ద అహరోను తాత ఖరారుగ చెప్పిండు." చున్నీతో కళ్లు తుడుచుకుంది.

కైలాసం కళ్లు మూసుకున్నాడు. బూజు కర్రను గడ్డానికి ఆనించాడు. "రక్తం చిందని హత్య! ఒక పాటను పుట్టకముందే పొడిచి చంపాలని చూస్తున్న అదృశ్య హస్తం! అమ్మాయీ, నిశ్చింతగా వెళ్ళు. ఆ హస్తానికి సంకెళ్లు వేసేదాకా కైలాసం అన్నం ముట్టడు."

మధ్యాహ్నానికి రెండుసార్లు ముట్టాడు. అది వేరే సంగతి.

మర్నాడు చర్చికి పోయాం. తలుపు తీసింది సంఘ పెద్ద అహరోను. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కాలిపోయిన మీటర్లు, పేలిపోయిన టీవీలు చూసీ చూసీ ఆయనకు ప్లగ్గు మీద నమ్మకం పోయింది. "ఆదివారం నా చేత్తోనే పెడత, ఆరాధన కాంగనే నా చేత్తోనే పీకుత," అన్నాడు గర్వంగా. "నడుమ దాన్ని ముట్టే మొగోడు లేడు. ఉరుమచ్చినా ఫికర్ లేదు. నేను ఇంత పైలంగ చూసుకుంటుంటే గీ పిల్లనే ఏదో చేస్తున్నది."

క్యాథరిన్ తల దించుకుంది. ఆయన ప్లగ్గు పెట్టాక కంప్యూటర్ ఆన్ చేసింది. అది కాసేపు బుద్ధిగా ఉంది. తర్వాత ఫ్యాను గుయ్యిమంది, మౌస్ బిగుసుకుంది. విండోస్‌లో ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపే పట్టీని క్యాథరిన్ ఎలాగో తెరిచింది. అన్నిటికంటే పైన ఒకటి కూర్చుని మిషను బలాన్నంతా మింగేస్తోంది. పక్కన చిన్న డాలు బొమ్మ.

"గిది వైరస్‌లను దేవులాడేదన్నా. స్కాన్ అంటరు," అంది క్యాథరిన్. "దొంగ కాదు. కాని సక్కగ పాటల టైముకే ఎందుకు దేవులాడుతదో సమజ్ అయితలేదు."

"అమాయకురాలా!" కైలాసం నవ్వాడు. "నేరం జరిగిన చోట డాలు అడ్డం పెట్టుకుని ఎవడు నిలబడతాడు? నేరస్థుడే!" అంటూ దాన్ని ఆపెయ్యమని మీట నొక్కాడు. అనుమతి లేదని తెర మీద పడింది. కైలాసం మొహం ఎర్రబడింది. "అనుమతి లేదా? నాకా? డేవిడ్, వీడు మామూలు వాడు కాదు. వీడి వెనక మనిషి ఉన్నాడు. ప్రతి ఆదివారం ఎవడో దొంగచాటుగా వీణ్ణి ఉసిగొల్పుతున్నాడు!"

ఇంట్లోకి దొంగ రాకుండా కాపలా ఉన్న పోలీసునే దొంగ అనేశాడన్నమాట. ఇంతలో అహరోను, "అయిందా?" అని వచ్చి ప్లగ్గు పీకేశాడు.

ఇక అనుమానితులు. ఒకరు హార్మోనియం మాస్టారు రాజం. గోడ మీద అక్షరాలు వచ్చినప్పట్నుంచీ ఆయన్ని చూసేవాళ్లు తగ్గారు. రెండోది సత్తవ్వ. కంప్యూటర్ బల్ల పక్కనే ఆమె చాప. ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి కైలాసం గంభీరంగా ఒక్కటే మాట అన్నాడు: "గుమ్మడికాయల దొంగ ఎవరో నాకు తెలుసు."

అని గుడ్లప్పగించి వాళ్ల భుజాల వైపే చూశాడు. శాస్త్రీయ పద్ధతట!

రాజం మాస్టారు జారిన తువ్వాలను భుజం మీదికి లాక్కున్నాడు. సత్తవ్వ భుజం పిసుక్కుంటూ, "వానకాలమచ్చిన్నుంచి గీ రెక్క ఒకటే గుంజుతున్నది కొడుకా, మందేమన్న ఉన్నదా?" అంది.

"ఇద్దరూ దొంగలే!" అని నా చెవిలో ఊదాడు కైలాసం.

"వారీ, నీ భుజం మీద చెయ్యెవనిదిరా?" అన్నాను. చూసుకుంటే వాడి చెయ్యే. దోమ కుట్టిందట.

శనివారం మధ్యాహ్నం కైలాసం చివరి అస్త్రం తీశాడు. "పులిని పట్టాలంటే ఎర కట్టాలి. కంప్యూటర్‌కు ప్లగ్గు పెట్టి ఆన్ చేసి ఉంచుదాం. అది ఒంటరిగా ఉందనుకుని నేరస్థుడు వస్తాడు." కోత పండుగకని రైతులు తెచ్చిన పంటంతా అప్పటికే చర్చిలో చేరింది. చొప్ప కట్టలతో సహా మక్క కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కానుకగా తెచ్చిన కోళ్లు. వాడు మక్క చొప్ప వెనక నక్కాడు. నేను ప్రసంగ పీఠం వెనక కూర్చున్నాను. కంప్యూటర్ ఫ్యాను గుయ్యిమనడం మొదలుపెట్టింది. కొద్దిసేపట్లో దానికి పోటీగా చొప్పలోంచి గురక వినిపించింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. వచ్చింది అహరోను. కిటికీలోంచి తెర వెలుగు కనబడి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. "ఎవడ్రా గిది పెట్టింది?" అని గొణుగుతూ ప్లగ్గు దగ్గర వంగాడు.

చొప్ప ఒక్కసారిగా లేచింది. "దొరికిపోయావు దుర్మార్గుడా! నీ పాపం పండింది!" అని నిద్రమత్తులో కైలాసం ఆయన వీపు మీదికి దూకాడు. ఇద్దరూ గుమ్మడికాయల మీద పడ్డారు. గుమ్మడికాయలు దొర్లి కోళ్ల బుట్ట మీద పడ్డాయి. కోళ్లు తెరిచిన తలుపులోంచి గల్లీలోకి దూకాయి.

"ఓరి నీ ఇల్లు బంగారం గాను! నా నడుమిరిగిందిరో!" అన్నాడు కింద నుంచి అహరోను.

మనిషెవరో అప్పుడు చూశాడు కైలాసం. పుస్తకాల భాష ఎటు పోయిందో! "అయ్యో పెద్దయ్యా! నువ్వా? తప్పయింది, నీ కాళ్లు మొక్కుత! దేవునసొంటి మనిషివి, నిన్ను అనుమానిస్తనా? కండ్లు కనవడలే!" అని సాష్టాంగపడిపోయాడు.

ముందు కోళ్లను పట్టండిరా అని ఆయన అరిచాడు. గల్లీ గల్లీ అంతా కోళ్ల వెంట పడింది. ఒకటి టైలర్ కొట్టులో దూరింది, ఒకటి నా ఆటో ఎక్కింది. అన్నీ దొరికేసరికి అందరం ఆయాసంతో కూలబడ్డాం. అహరోను నడుం పట్టుకుని, చర్చికి తాళం వేసి, కుంటుకుంటూ ఇంటికి పోయాడు.

సంగతి తెలిసి వచ్చిన క్యాథరిన్ కైలాసాన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "తాతకు నా మీద ఉన్న జరంత నమ్మకం గూడ పాయెనన్నా. రేపు నా పాట పుట్టదు," అని వెళ్లిపోయింది. కైలాసం జేబులోంచి తన డిటెక్టివ్ కార్డు తీసి చూసుకుని మళ్లీ లోపల పెట్టేశాడు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. అహరోను నడుముకు పట్టీ కట్టుకుని ముందు వరుసలో గోడ వైపే గుచ్చి చూస్తున్నాడు. మొదటి పాట అయింది. రెండో పాటా అయింది. ఫ్యాను నోరెత్తలేదు. క్యాథరిన్ మూడో పాటగా తను రాసింది తెరిచింది.

'వాన చుక్క నీదయ్యా, వరి గింజ నీదయ్యా,
వంగి నాటు వేసిన అవ్వల రెక్క నీదయ్యా.'

లైను వెంట లైను, అడగకముందే గోడ మీదికి వచ్చాయి. తెలియని పాటను జనం తడుముకుంటూ అందుకుని, రెండో చరణానికల్లా గొంతెత్తారు. నా కళ్లు చెమర్చాయి, తాళం తప్పింది, ఎవరూ పట్టించుకోలేదు.

పాట అయ్యీ కాగానే వెనక కైలాసం లేచాడు. "నా పేరు వినే నేరస్థుడు ఊరు వదిలి పారిపోయాడు!"

క్యాథరిన్ వాడి మాట వినడం లేదు. డాలు బొమ్మ మీద నొక్కి తెరకు మొహం ఆనించి చదువుతోంది. "స్కాన్ నిన్ననే పూర్తయిందట," అంది మెల్లగా. "దీనికి శనివారం పగటిపూట టైము పెట్టి ఉన్నది. నిన్న లొల్లిల ప్లగ్గు పీకుడు మరిచిపోయినం కద, రాత్రంత ఆన్‌లనే ఉన్నది. దాని పనేదో అది చేసుకున్నది. వారం వారం మనమేం చేస్తున్నమంటే, కావలోన్ని శనివారం పండవెట్టి ఆదివారం లేపుతున్నం. లేవంగనే వాడు తప్పిపోయిన పని ముందటేసుకుంటుండు. మనం పాడేటప్పుడే."

"పండవెట్టేదెవలు బిడ్డా?" అన్నాడు అహరోను.

క్యాథరిన్ చూపు ప్లగ్గు మీదికి పోయింది. ఆయనా అటే చూశాడు. తర్వాత నడుం పట్టుకుని లేచి జనం వైపు తిరిగాడు.

"ఇనుండ్రి. పెట్టెను ఆపింది నేను. గీ పిల్ల గాదు. తెలువక అందరి ముంగట అన్న, అందరి ముంగటనే తప్పు ఒప్పుకుంటున్న." క్యాథరిన్ వైపు తిరిగాడు. "ఇంకోపారి పాడియ్యి బిడ్డా. ఇందాక తప్పులు పట్టుడుకే చూసిన. పాడలే నేను."

ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతూ పాటను మళ్లీ మొదటికి తెచ్చింది. ఆ సందట్లో కైలాసం వంగి వంగి నా డోలక్ పక్కకు వచ్చి కూలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"డేవిడ్, నిన్న నేను పట్టుకున్నది అసలు దొంగనే కదరా?"

"అవ్."

"తప్పు చేస్తుండంగ, ప్లగ్గు కాడనే పట్టుకున్న గదా?"

"అవ్‌రా."

"ఒక్క కేసు. పుట్టి బుద్ధెరిగిన్నుంచి ఒక్కటంటే ఒక్క కేసు. నేరస్థుణ్ని నా చేతులతోనే పట్టుకుని, కాళ్లు మొక్కి ఇడిసిపెట్టిన్నా?"

చిన్నప్పట్నుంచీ వాణ్ణి చూసి నవ్వడమే తప్ప ఎన్నడూ జాలిపడలేదు. ఆ రోజు పడ్డాను. వాడి భుజం మీద ఒక చరుపు చరిచి డోలక్ అందుకున్నాను. ముందు వరుసలోంచి అహరోను గొంతు అందరికంటే పెద్దగా, శ్రుతి తప్పి, ఆగకుండా వినిపిస్తోంది.