కుడివైపు గోధుమచేను

ఆ రోజు ఉదయం ఇల్లాలు గూడెలే అనుకున్నది చాలా చిన్న సంగతి. ఎనిమిది మంది కోతగాళ్ళు, ఒక చేను, ఒక పగలు. చర్చి గంట కొట్టే ముసలాయనకు నిన్నటినుంచి మోకాలు సలుపుతోంది. ఆ మోకాలు సలిపిందంటే మర్నాడు వాన పడితీరుతుందని ఊరంతటికీ తెలుసు. తడిసిన గోధుమ కంకిలోనే మొలకెత్తుతుంది. ఆ పిండితో చేసిన రొట్టె లోపల జిగటగా, పచ్చిగానే ఉండిపోతుంది. పోయిన చలికాలమంతా ఇంటిల్లిపాదీ అదే తిన్నారు. మళ్ళీ తినే ఓపిక ఆమెకు లేదు.

ఆంట్వెర్ప్ పట్నం నుంచి వచ్చి వారం రోజులుగా వాళ్ళ కొట్టంలో పడుకుంటున్న యాస్పర్ బొమ్మలు వేస్తాడు. ఆ పొద్దున గంజి తాగుతూ, "అమ్మా, ఇవాళ మీ అందరినీ నా బొమ్మలో పెడతాను," అన్నాడు.

"పెట్టుకో నాయనా. కొడవళ్ళు మాత్రం ఆగకూడదు," అంది గూడెలే. ఆమె చేసిన పొరపాటల్లా ఈ మాట మొగుడు లీవెన్ వింటుండగా అనడమే.

రొట్టెల బుట్టతో ఆమె చేనికి వెళ్ళేసరికి ఒక్క పన కూడా కోసిలేదు. ఎనిమిది మందీ ఆదివారం బట్టలు వేసుకుని, చేనిగట్టు మీద వరసగా మోకరిల్లి, చేతులు జోడించి ఉన్నారు. ఆమె భయపడింది.

"ఏమయ్యా, ఎవరైనా పోయారా?"

"మాట్లాడించకే. బొమ్మలో ఉన్నాం," అన్నాడు లీవెన్ పెదవులు కదపకుండా.

వాళ్ళ తప్పేం లేదు. ఆ ఊరివాళ్ళు పుట్టిన దగ్గర్నుంచీ చూసిన బొమ్మ ఒక్కటే, చర్చిలో దేవుడి బల్ల వెనక ఉన్నది. అందులో మర్యాదస్తులందరూ మోకరిల్లే ఉంటారు.

యాస్పర్ నవ్వాపుకుంటూ వచ్చాడు. "అయ్యా, రోజూ ఎలా కోస్తారో అలాగే కోయండి. కోసేవాళ్ళు ఇటు, నా కుడివైపు. తినేవాళ్ళు ఎడమవైపు, ఆ బేరిచెట్టు కింద."

ఎవరూ కదల్లేదు. చర్చి బొమ్మలో ఎడమవైపు దేవదూతలు జనాన్ని చెయ్యి పట్టి పైకి లాగుతుంటారు. కుడివైపు నల్లటి దయ్యాలు మిగతావాళ్ళను పంగలకర్రలతో పొడిచి కాగులో వేస్తుంటాయి.

"నేనేం పాపం చేశానని కుడివైపు?" అన్నాడు లీవెన్.

"అక్కడ పిండిమర వాణ్ణి పెట్టండి బాబూ. దొంగతూకం వేసేవాడికి తగిన చోటు," అన్నాడు పక్కనున్న ట్యూన్.

ఎనిమిది మందీ ఎడమవైపే పడ్డారు. ఒకడి కొడవలి ఇంకొకడి కొడవలికి తగులుతున్నా జరగలేదు. మధ్యాహ్నానికి ఎడమ సగం నున్నగా గొరిగినట్టయింది, ఎనిమిది మందీ బేరిచెట్టు కింద చేరారు. కుడి సగం కంకి కదలకుండా నిలబడి ఉంది. పడమట మబ్బు పట్టింది.

"అది చర్చి బొమ్మ కాదని చెప్పు నాయనా," అని బతిమాలింది గూడెలే.

యాస్పర్ లేచి గట్టిగా చెప్పాడు. "నా బొమ్మలో స్వర్గం లేదు, నరకం లేదు. దేవుడే లేడు. ఉన్నదల్లా వేసవి."

ట్యూన్ చేతిలోంచి కొడవలి జారిపోయింది. ఇంతకన్నా చిన్నమాటకు మనుషుల్ని కొయ్యకు కట్టి కాల్చేస్తున్న రోజులవి. వెంటనే ఫాదర్ని పిలుచుకొచ్చారు. ఫాదర్ అంతా విన్నాడు, చేనంతా చూశాడు, గొంతు సవరించుకుని, "ఎడమవైపు చోటుందా?" అని అడిగాడు. బేరిచెట్టు కింద జరిగి చోటిచ్చారు. రొట్టె కూడా ఇచ్చారు.

గూడెలే మొగుడి పక్కన పడి ఉన్న కొడవలి తీసుకుంది.

"ఏమే, అది నరకం వైపు," అన్నాడు లీవెన్.

"తెలుసు. గోధుమ అక్కడే ఉంది మరి. స్వర్గంలో కూచుని నువ్వేం తింటావో నాకు తెలీదు."

పనలు కట్టడానికి వచ్చిన నలుగురు ఆడవాళ్ళూ ఆమె వెనకే నడిచారు. వంచిన నడుము ఎత్తకుండా కోశారు. లీవెన్ కాసేపు చూశాడు, తర్వాత నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఉరిమాక మాత్రం మగవాళ్ళందరూ లేచి పనలు మోశారు. నెత్తిన పన ఉంటే బొమ్మలో ఎవరి మొహమూ కనబడదు కదా. ఆఖరి పన కొట్టంలో పడ్డాక వాన మొదలైంది.

చలికాలం చివర బండివాడు ఒక కాగితం చుట్ట తెచ్చాడు. అసలు బొమ్మ ఎవరో షావుకారు ఇంటికి వెళ్ళిందట. దాన్ని రాగిరేకు మీద చెక్కించి, కాగితం మీద అచ్చు వేయించి పంపాడు యాస్పర్. బల్ల మీద పరిచారు. ఫాదరూ, ట్యూనూ కూడా వంగి చూశారు.

రేకు మీద ఎడమవైపున్నది కాగితం మీద కుడివైపు పడుతుంది. బేరిచెట్టు కుడివైపుకొచ్చేసింది. దాని కింద ఆదివారం బట్టల్లో ఎనిమిది మందీ, వాళ్ళలో నోరు తెరుచుకుని లీవెన్, పక్కనే బుగ్గన రొట్టెతో ఫాదర్ ఉన్నారు. ఎడమవైపు అయిదుగురు ఆడవాళ్ళు గోధుమ కోస్తున్నారు.

"ఫాదర్, ఇది చెల్లుతుందా?" అన్నాడు లీవెన్ మెల్లగా.

"ఆలోచించాలి," అన్నాడు ఫాదర్, తన బుగ్గనే చూసుకుంటూ.

గూడెలే అవేవీ వినలేదు. వంగి ఉన్న ఒక వీపును చూస్తోంది. తలగుడ్డ ముడిని బట్టి అది తనదేనని పోల్చుకుంది. ఇన్నేళ్ళలో తన వీపును తను చూసుకోలేదు. ఎవరైనా చూశారని కూడా అనుకోలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది. మొహం తుడుచుకుని రొట్టె కోసింది. ఆ ఏడు రొట్టె బాగా కుదిరింది.

మర్నాడు లీవెన్ ఆ కాగితానికి నూనె రాసి, బొమ్మ వీధివైపు ఉండేలా కిటికీకి అతికించాడు. వెలుగు పడితే ఇంట్లోంచి బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. అలా ఎండ కాసిన ప్రతిరోజూ అతను స్వర్గం వైపే ఉండేవాడు. ఆ దేశంలో ఎండ తక్కువ.