కత్తెర లోపలికి వెళ్ళిన రోజు

ఆ పొద్దున కటింగ్ మాస్టారు ఒకే ఒక్క పని పెట్టుకుని నిద్ర లేచాడు. ఈరోజు ఎవరి మీదా కోపం తెచ్చుకోకూడదు. వారం రోజులుగా వంటింట్లో గిన్నె చప్పుడైనా, వీధిలో ఎవడైనా నవ్వినా, తననే అన్నట్టుగా ఉంటోంది అతనికి. అంతా ఓ హోటల్‌వాళ్ళ యూనిఫారాలు తెచ్చిన తంటా. పని హడావిడిలో కాగితం అచ్చు తిప్పిపెట్టడం మరిచిపోయి, కోట్లన్నిటికీ ఎడమ చేతులే కోసి పారేశాడు. ఆ చేతుల కుప్ప చూసి కూడా షాపు యజమాని "పర్లేదులెండి మాస్టారూ" అన్నాడే తప్ప పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే ఆ పూటతో పోయేది. తిట్టలేదంటే మనసులో ఏదో పెట్టుకున్నాడన్నమాట.

మాస్టారి భార్య ఆసుపత్రిలో నర్సు. మొగుడి చిటపటలతో వేగలేక, డ్యూటీకి బయల్దేరేముందు అతన్ని కూర్చోబెట్టింది.

"మీ కళ్ళు చూసేది గోరంత, మనసు అల్లేది కొండంత. ఏది చూశారో, ఏది అల్లారో విడదీసుకోండి. సగం కోపం అక్కడే చస్తుంది. దిగులుతో వచ్చేవాళ్ళకి మా డాక్టరమ్మ ఇదే చెప్తుంది."

"అంటే నాకు పిచ్చంటావా?"

"ఇదిగో, ఇప్పుడల్లారు. నేనన్నానా ఆ మాట?"

అనలేదు. మాస్టారు నోరు మూసుకుని షాపు దారి పట్టాడు.

షాపులో అతని బల్ల మీద కత్తెర లేదు. ఆ వృత్తి ఎరగనివాళ్ళకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ కటింగ్ మాస్టారి కత్తెరని ఇంకొకరు ముట్టుకోరు. పెళ్ళాం కూడా ముట్టుకోదు. పాతకాలపు యజమానులు మనిషిని పనిలోంచి తీసెయ్యాలంటే నోరు విప్పేవారు కాదు, కత్తెర తీసి తమ గదిలో పెట్టుకునేవారు. కత్తెర లోపలికి వెళ్ళిందంటే మనిషి బయటికి వెళ్ళాలని అర్థం.

మాస్టారికి ఒళ్ళు భగ్గుమంది. అయినా భార్య మాట గుర్తుచేసుకున్నాడు. ఇది అల్లింది కాదు, కళ్ళారా చూసింది.

ఇంతలో ఓ వడ్రంగి వచ్చి అతని బల్లని కొలవడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"సాయంత్రానికి ఈ బల్ల ఇక్కడుండకూడదన్నారండి."

"ఎందుకట?"

"మీకు చెప్పొద్దన్నారు."

ఇది కూడా చూసిందే. గది తలుపు సందులోంచి యజమాని ఫోన్లో "సాయంత్రం దాకా తెలియకూడదు" అనడం వినబడింది. మాస్టారిని చూడగానే గొంతు తగ్గించాడు. అదీ చూసిందే. పాపం ఆ డాక్టరమ్మ మంచికే చెప్పి ఉంటుంది. మాస్టారు మాత్రం ఆ సూత్రంతో యజమాని మీద కేసు కడుతున్నాడు.

షాపులో కాజాలు కుట్టే ఆవిడని అందరూ కాజాలక్క అంటారు. విషయం చెప్పగానే ఆవిడ సూది కింద పెట్టేసింది.

"పొద్దున నేను తలుపు తీసేసరికే ఆయన నీ కత్తెరని గుడ్డలో చుడుతున్నాడు తమ్ముడూ."

"చుట్టేశాడా?"

"నిండా చుట్టాడు. నాకప్పుడే గుండె ఝల్లుమంది. నిన్ను తీసేస్తే మేం మాత్రం ఎందుకూ?"

ఆవిడ లేచి ఒక్క కేక పెట్టింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మాస్టారి భార్యకి ఫోన్ చేసి "నీ మొగుడి పని పోయిందమ్మా, మనిషి మనిషిలా లేడు" అని కూడా చెప్పింది.

మిషన్ల చప్పుడు ఆగేసరికి యజమాని గదిలోంచి బయటికొచ్చాడు. "ఏమైంది?" అన్నాడు. ఆ అడగడం చూస్తే మాస్టారికి మండుకొచ్చింది. అంతా చేసి ఏమీ ఎరగనట్టు అడుగుతున్నాడే.

"ఏమీ కాలేదు సార్. నేనే మానేస్తున్నాను. మీరు తీసేసే దాకా ఉండే రకం కాదు నేను. ఎడమ చేతులు కోశాను, తప్పే. మరి మీరు వేసుకున్న ఆ కోటు సంగతేంటి? స్వయంగా కోసుకున్నారుగా. ఒక భుజం తూర్పు చూస్తుంటే ఇంకోటి పడమర చూస్తోంది. మీరు అటు తిరిగితే వచ్చినవాళ్ళు నవ్వుతున్నారు. నేను పళ్ళ బిగువున ఆపుకుంటున్నాను."

యజమాని తన భుజాల వంక చూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే నర్సు బట్టల్లోనే వచ్చిపడింది భార్య. ఎవర్నీ ఏమీ అడగలేదు, నేరుగా యజమాని మీదికే వెళ్ళింది.

"ఇన్నేళ్ళు ఆ పొట్టి బల్ల మీద వంగి వంగి నడుం పోగొట్టుకున్న మనిషిని ఇలా వీధిలో నిలబెడతారా? మీకు మనసనేది ఉందా?"

"ఆ నడుం గురించే కదమ్మా" అన్నాడు యజమాని. అప్పటిదాకా ఎవరూ ఎరగని కోపం అతని గొంతులో వినబడింది. "ఎత్తు బల్ల చేయించాను. బయట బండిలో ఉంది. పట్టుద్దో లేదోనని ఈ వడ్రంగి కొలుస్తున్నాడు. కత్తెర పదునుకి పంపాను, సాయంత్రానికి ఇచ్చెయ్యమనీ, అప్పటిదాకా మాస్టారికి తెలియకూడదనీ ఆ పదును పెట్టేవాడికే ఫోన్ చేశాను. మీ కత్తెర ఆచారాలు నాకేం తెలుసు? ఇనప సామాన్ల కొట్టు నడుపుకునేవాణ్ణి, మామగారు పోయి ఈ షాపు నా నెత్తిన పడింది. వారం నుంచి మాస్టారు మొహం గంటు పెట్టుకుని తిరుగుతుంటే, ఎదురు షాపువాడు లాక్కుపోతున్నాడేమోనని నాకు కంటి మీద కునుకు లేదు. అందుకే ఇవన్నీ."

యజమాని మాస్టారి వైపు తిరిగాడు.

"అక్కతో చెప్పారు, షాపంతా చెప్పారు, ఇంటికి ఫోన్ వెళ్ళింది. నా గది ఎదురుగానే ఉంది. నన్ను ఒక్క మాట అడిగారా?"

ఆ మాట మాస్టారికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. కోపం పోయిన చోట సిగ్గు వచ్చి కూర్చుంది. భార్య చీర చెంగు సవరించుకోబోయి, ఒంటి మీద యూనిఫారం ఉందని గుర్తొచ్చి, నేల చూపులు చూసింది. "నేనూ అడగలేదు" అంది మెల్లగా. కాజాలక్క అప్పుడే సూదిలో దారం ఎక్కించే పనిలో పడింది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నన్ను తీసేస్తున్నారా సార్?"

"ఇప్పటిదాకా ఆ ఆలోచన లేదు. ఇప్పుడే వస్తోంది" అని యజమాని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

సాయంత్రానికి కొత్త బల్ల వచ్చింది, కత్తెరా వచ్చింది. నడుం వంచకుండా గుడ్డ కోస్తుంటే ప్రాణం లేచొచ్చినట్టుంది. కానీ ఆ తలుపు మాత్రం తెరుచుకోలేదు. మాస్టారి మనసు మళ్ళీ మగ్గం ఎక్కింది. కోటు మాటకి బాగా నొచ్చుకుని ఉంటాడు. రేపు మొహం కూడా చూడడేమో. కాజాలక్కని కదిపి చూద్దామా అనుకుని అటు రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగి యజమాని గది తలుపు కొట్టాడు.

"సార్, కోటు గురించి అన్నందుకు కోపం వచ్చిందా?"

"వచ్చింది."

"బాగా వచ్చిందా?"

"బాగానే వచ్చింది."

మాస్టారు తలుపు దగ్గరగా వేసి బల్ల దగ్గరికి వచ్చాడు. వారం రోజులుగా తాను అనుకున్నవాటన్నిట్లో ఆ ఒక్కటే నిజమైంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.