పేరు పండుగనాటి ఆసుల జత

పాఠకులారా, పోకర్ ఆటలో అన్నిటికన్నా గొప్ప పని ఏమిటో తెలుసా? చేతిలో ఆసుల జత పెట్టుకుని, మొహంలో రంగు మారకుండా, ఆ రెండు ముక్కల్నీ బోర్లించి అవతలికి తోసేయడం. నవ్వకండి! ఆడటం ఎవడికైనా వస్తుంది. మానుకోవడానికే సంస్కారం కావాలి.

ఈమధ్య మా ఊరు అసెనోవ్‌గ్రాద్ పేకాట క్లబ్బులో టోర్నమెంటు చివరికొచ్చేసరికి ఎవరూ ఆడటం లేదని కుర్రకారు గొణుగుతున్నారు. అందరూ ముక్కలు చూడటం, నిట్టూర్చడం, పడేయడం. పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నట్టుందట. ఉంటే ఏమైంది? ఇంట్లో అరుపులే, ఆఫీసులో అరుపులే. మనిషికి కాస్త ప్రశాంతత దొరికే చోటు ఇదొక్కటేగా!

పైగా లెక్క కూడా మా పక్షమే. మొన్న ఫిబ్రవరి పధ్నాలుగు నాటి ఆటే తీసుకోండి. పక్క నగరం ప్లోవ్‌దివ్‌లో జరిగే పెద్ద పోటీకి ఎనిమిది సీట్లు. మిగిలింది తొమ్మిదిమందిమి. మొదటివాడికైనా ఎనిమిదోవాడికైనా ఇచ్చేది అదే సీటు. అంటే ఇంకొక్కరు పోతే చాలు, తక్కినవాళ్ళంతా గెలిచినట్టే. అలాంటప్పుడు మంచి ముక్కలు వచ్చాయని ఎగిరిపడేవాణ్ణి ఏమనాలి? ఆ సీటు కోసం నేను ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నాను. నా ముందు చిప్స్, అదే పందెం బిళ్ళలు, దండిగా ఉన్నాయి. చేతులు కట్టుకుని కూర్చుంటే సీటు నాదే.

పోవలసిన ఆ ఒక్కరూ ఎవరో అందరికీ తెలుసు. ట్రిఫోన్ బాబాయ్. ఆయన చిప్స్ అడుగంటిపోయాయి. చిక్కల్లా ఏమిటంటే, ఆరోజు సెయింట్ ట్రిఫోన్ రోజు, అంటే ఆయన పేరు పండుగ. పేరు పండుగకి మా దగ్గర ఎవరూ ఎవరినీ పిలవరు. పిలవకుండానే వెళ్ళి తినాలి. పొద్దున ఆనవాయితీ ప్రకారం ఆయన తోటలో ద్రాక్షతీగలు కత్తిరించి, మొదళ్ళలో వైన్ పోసి, మధ్యాహ్నానికి అందరం ఆయన ఇంటిమీద పడ్డాం. పిన్నిగారు క్యాబేజీతో వండిన పంది మాంసం నేను మారు వడ్డించుకున్నాను. ఆ తిండి అరగకముందే ఆయన్ని ఆటలోంచి గెంటేస్తే మనుషులమవుతామా?

ఆయన ఉన్నదంతా ముందుకు తోశాడు. నూరేళ్ళు వర్ధిల్లమని దీవించి అందరం ముక్కలు పడేశాం. మళ్ళీ తోశాడు. మళ్ళీ దీవించాం.

నా పక్కన కూర్చున్న మందుల షాపు జ్లాతినా చెవిలో గొణిగింది. "పెద్ద రాశి ఉన్నవాడితో పెట్టుకోకపోతే తెలివి. గుప్పెడు చిప్స్ ఉన్నవాడికి ఎవరూ ఎదురు నిలవకపోతే ఈ ఆట ఎప్పటికి తెములుతుంది?" అయితే నువ్వే నిలవమన్నాను. పిన్నిగారు కట్టిచ్చిన కేకు తన సంచిలో ఉందని, తన వల్ల కాదని చెప్పి తల దించుకుంది.

బాబాయ్ కూడా విసుక్కున్నాడు. "నేనేమన్నా మంచాన పడ్డానట్రా? ఆడండి." ఎంత వినయమో అనుకున్నాం.

అప్పుడు వచ్చాయి నాకు ఆసులు, రెండూ. బాబాయ్ మళ్ళీ ఉన్నదంతా తోశాడు. ఆసుల్ని చూశాను, ఆయన్ని చూశాను, మధ్యాహ్నం ఆయన ఇంట్లో తాగిన మావ్రూద్ వైన్ గుర్తొచ్చింది. పడేశాను! ఊరికే కాదు, నా త్యాగం నలుగురికీ తెలియాలని ముక్కలు తిప్పి మరీ పడేశాను. బల్ల చుట్టూ చప్పట్లు కొట్టారు. బాబాయ్ తన ముక్కలూ తిప్పాడు. ఒక ఏడు, ఒక రెండు, పోకర్‌లో అంతకన్నా చెత్త ముక్కలు ఉండవు. నన్ను జాలిగా చూశాడు.

సంస్కారానికి ఉన్నది ఒకటే లోపం. చిప్స్ మాత్రం అవతలివైపుకి నడుస్తాయి. ప్రతి ఆటకీ తప్పనిసరిగా వేయవలసినవి వేస్తూ వేస్తూ నా రాశి కరిగిపోయింది, బాబాయ్ రాశి ఆయన గడ్డం దాకా లేచింది. చివరికి నాకు రాజుల జత వచ్చింది. ఇక చావో రేవో అని మొత్తం తోశాను. అందరూ పడేశారు. బాబాయ్ మాత్రం చేతిలో కాఫీ కప్పు దించకుండానే ఎదురు నిలిచాడు. ఆయనది ఆసూ తొమ్మిదీ. బల్లమీద అందరికీ కలిపి పరిచే ముక్కల్లో ఇంకో ఆసు పడింది, ఆయనకి ఆసుల జత అయింది. పోయిన ఆ తొమ్మిదోవాణ్ణి నేనే.

"బాబాయ్, మీకోసం నేను ఆసులు పడేశానే" అన్నాను.

ఆయన చిప్స్ పేర్చుకుంటూ ఎంతో ప్రేమగా అడిగాడు. "ఇవాళ నీ పేరు పండుగా ఏమిట్రా?"

కాదు. ఎప్పటికీ కాదు! మా నాన్నకి చరిత్ర పిచ్చి. గుర్రం దిగని పాతకాలపు రాజు పేరు, అస్పరూహ్ అని పెట్టాడు నాకు. ఆ రాజు చర్చి మొహం ఎరగడు, క్యాలెండరులో ఆ పేరుతో సెయింట్ లేడు. ఇలా దిక్కులేని పేర్లవాళ్ళందరికీ కలిపి వేసవిలో ఒక ఆదివారం పడేశారు గానీ, ఆరోజు క్లబ్బుకి తాళం, జనమంతా సముద్రం ఒడ్డున. నాకోసం ముక్కలు పడేసేవాడు పుట్టలేదు.

కాబట్టి పాఠకులారా, ఈరోజు నుంచి నన్ను తోదోర్ అని పిలవండి. సెయింట్ తోదోర్ శనివారమే క్లబ్బులో మళ్ళీ పోటీ. మధ్యాహ్నం మా ఇంటికి పిలవకుండానే రండి. మాంసం ముట్టని ఉపవాసాల రోజులు కనుక చిక్కుడుగింజల సూపే ఉంటుంది, కానీ కడుపునిండా పోస్తాను. సాయంత్రం నేను ఉన్నదంతా ముందుకు తోసినప్పుడు మాత్రం, మీ చేతిలో ఆసులున్నా సరే, ఆ సూపు గుర్తు తెచ్చుకోండి.