స్టూలు ఫైలు

"ప్రభుత్వ సూపర్ బజార్ల సంస్థ చరిత్రలో మరో మైలురాయి! గౌరవ చైర్మన్ గారి దూరదృష్టి ఫలితంగా సంస్థ పత్రికా విభాగంలో తొలిసారిగా ఒక జర్నలిజం విద్యార్థినికి నాలుగు వారాల శిక్షణ. 'ఈ గడప తొక్కగానే నా కళ్లు చెమర్చాయి' అని విద్యార్థిని ఆనందబాష్పాల మధ్య స్పందన."

ఈ ప్రెస్ నోట్ ఉదయం తొమ్మిదింటికల్లా అన్ని పత్రికలకూ వెళ్లిపోయింది. సదరు విద్యార్థిని ఆ గడప తొక్కింది మాత్రం పదింబావుకి. తొక్కగానే ఆమె నోట వచ్చిన మొదటి మాట, "మంచినీళ్లు ఎక్కడుంటాయండీ?" అని.

పీఆర్వో గారు కుర్చీలోంచి లేచి మరీ ఆహ్వానించారు. ఆయన ముఖంలో ఎప్పుడూ ఎవరినో అభినందించబోతున్న కళ ఉంటుంది. గదిలో ఒక కంప్యూటరు, రెండు బల్లలు, గోడ నిండా చైర్మన్ గారు రిబ్బన్లు కత్తిరిస్తున్న ఫొటోలు. ఆయన ప్రెస్ నోట్ కాపీ ఆమె చేతిలో పెట్టారు.

"సార్, నేను రాకముందే నా స్పందన ఎలా వచ్చేసింది?"

"నువ్వొచ్చాక అడిగి రాస్తే ఆలస్యమైపోదా అమ్మా? పేపరువాళ్లు ఆగుతారా?"

"కానీ నేనలా అనలేదు కదా సార్."

"ఇప్పుడు అనకూడదని ఏమీ లేదుగా. చూడమ్మా, మన డిపార్ట్‌మెంట్ పద్ధతి ఒక్కటే. ముందు మాట సిద్ధం చేసుకుంటాం. అన్నవాళ్లు తర్వాత దొరుకుతారు. ఇరవయ్యేళ్లలో ఒక్కసారీ దొరక్కుండా పోలేదు."

ఆమె బాత్రూంలోకి వెళ్లి అద్దంలో చూసుకుంది. కళ్లు చెమర్చలేదు. అంత మంచి వాక్యానికి తాను సరిపోలేదని కాస్త చిన్నతనం కూడా వేసింది. తన పతనం ఆ అద్దం ముందే మొదలైందని తర్వాత ఆమే ఒప్పుకుంది. ఆ రోజు నుంచి ఆఫీసులో ఆమె పేరు ట్రైనీ.

ట్రైనీ వాళ్లమ్మ ఇదే సంస్థలో, ఏడో బ్రాంచిలో, తూకం కౌంటర్‌లో పనిచేస్తుంది. కస్టమర్లు సంచుల్లో పోసుకొచ్చిన ఉల్లిపాయలూ టమాటాలూ తూచి, స్టిక్కరు అంటించడం ఆవిడ పని. ఇరవై నాలుగేళ్లుగా అదే కౌంటర్. సంచి చేత్తో ఎత్తి "కిలో నూట యాభై గ్రాములు" అంటుంది; తర్వాత కాటా కూడా అదే అంటుంది. ఆ కౌంటర్ అంటే ఆవిడకి ప్రాణం. ఆవిడకి ఉన్న కోరికల్లా ఒక్కటే, కస్టమర్లు లేనప్పుడు కూర్చోవడానికి ఒక స్టూలు.

పదకొండేళ్ల కిందట అర్జీ పెట్టుకుంది. హెడ్డాఫీసు నుంచి వెంటనే జవాబు వచ్చింది. "తూకం కౌంటరుకు మంజూరైన సామగ్రి: కాటా ఒకటి, స్టిక్కర్ల రోలు ఒకటి, ఉద్యోగి ఒకరు. స్టూలు జాబితాలో లేదు. జాబితా సవరణ నిమిత్తం ఫైలు ప్రారంభించడమైనది." ఆ ఫైలు ఇంకా ఏ బల్ల మీద ఉందో ఎవరికీ తెలియదు. అమ్మ రోజూ ఇంటికొచ్చి వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది.

"హెడ్డాఫీసుకి వెళ్తున్నావు కదే," అంది అమ్మ, ట్రైనీ బయల్దేరేటప్పుడు. "ఎవరైనా మంచిగా మాట్లాడేవాళ్లు కనిపిస్తే ఆ స్టూలు సంగతి ఒక్క మాట వెయ్యి. గట్టిగా అడక్కు. ఊరికే చెవిన వెయ్యి."

"నేను వెళ్లేది నేర్చుకోవడానికమ్మా, సిఫార్సులకి కాదు," అంది ట్రైనీ, నిజాయితీగల జర్నలిస్టు గొంతుతో. ఆ గొంతు ఆమె అప్పటికి రెండు నెలలుగా సాధన చేస్తోంది.

మొదటి వారంలోనే ఆమె ప్రతిభ బయటపడింది. మూడో బ్రాంచిలో ఏసీ చెడిపోతే, "కృత్రిమ చల్లదనానికి స్వస్తి, సహజ గాలిలో షాపింగ్" అని రాసింది. బిల్లింగ్ కౌంటర్లు ఆరింట్లో నాలుగు మూసేస్తే, "ఈ క్యూలో నలభై నిమిషాలు నిలబడ్డాక పక్కింటివాళ్లతో మాటలు కలిశాయి" అని ఒక గృహిణి చేత అనిపించింది. ఆ గృహిణిని తర్వాత పీఆర్వో గారు క్యూలోంచే వెతికి పట్టుకొచ్చారు. ఆవిడ పేపర్లో ఫొటో వస్తుందంటే సరేనంది.

"నీ చేతిలో ఏదో ఉందమ్మా," అన్నారు పీఆర్వో గారు. "నాకు ఈ స్థాయి రావడానికి ఆరేళ్లు పట్టింది."

ట్రైనీ సిగ్గుపడాల్సిన చోట మురిసిపోయింది. ఇంటికెళ్లి ఆ వాక్యాలు అమ్మకి చదివి వినిపించింది కూడా. అమ్మ బకెట్లో కాళ్లు మార్చుకుంటూ, "బాగున్నాయే. స్టూలు సంగతి వేశావా?" అంది.

"సమయం చూసి వేస్తానమ్మా. ఇలాంటివి టైమింగ్ చూసుకుని చెయ్యాలి."

ఆ టైమింగ్ రెండో వారంలో వచ్చింది. చైర్మన్ గారు స్వయంగా పత్రికా విభాగానికి విచ్చేశారు. ఆయన మొన్నటి ఎన్నికల్లో పార్టీ కోసం టికెట్ త్యాగం చేసిన మహానుభావుడు. టికెట్ ఇంకొకరికి ఇచ్చేశారని తెలిసిన మరుక్షణమే త్యాగం చేశారు. అందుకు గుర్తింపుగా పార్టీ ఆయనకి నలభై సూపర్ బజార్లు అప్పగించింది.

"విశ్రాంతి హక్కు పథకం," అని ప్రకటించారాయన. "యాభై దాటిన ఉద్యోగులు స్వచ్ఛందంగా ఇంటికెళ్లిపోవచ్చు. ఇంత మానవీయ పథకం ఎక్కడా లేదు. బ్రాంచికి ఒకరు చొప్పున స్వచ్ఛందంగా వెళ్లాలి. టార్గెట్ నలభై."

"ఎవరూ ముందుకు రాకపోతే సార్?" అన్నారు పీఆర్వో గారు.

"స్వచ్ఛందం అన్నాక రాకుండా ఎలా ఉంటారయ్యా?"

వెళ్లినవాళ్ల స్థానంలో, కస్టమర్లే తూచుకునే యంత్రాలు వస్తాయి. ప్రెస్ నోట్‌లో ఒక సీనియర్ ఉద్యోగి స్పందన కావాలి, చదివితే గుండె తడవాలి అని చెప్పి ఆయన టీకి కూర్చున్నారు.

ట్రైనీ బుర్రలో మెరుపు మెరిసింది. ఆమె తెలివితేటల మీద ఆమెకి అపారమైన గౌరవం. స్టూలు సంగతి నోటితో అడిగితే సిఫార్సు అవుతుంది. అదే ప్రెస్ నోట్‌లో పెడితే? చైర్మన్ గారు ప్రతి ప్రెస్ నోటూ చదువుతారు. ఇంతకాలం మన ఉద్యోగులకి కూర్చునే దిక్కు కూడా లేదా అని నివ్వెరపోతారు. అక్కడికక్కడే నలభై బ్రాంచిలకీ స్టూళ్లు మంజూరు చేస్తారు. ఆమె టకటకా కొట్టింది.

"'ఇరవై నాలుగేళ్లు తూకం కౌంటర్‌లో నిలబడే ఉన్నాను. కాస్త కూర్చోవాలన్న నా చిరకాల కోరిక చైర్మన్ గారి చలవతో తీరబోతోంది' అని ఒక సీనియర్ ఉద్యోగిని."

చైర్మన్ గారు చదివారు. నివ్వెరపోయారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ట్రైనీ ఊపిరి బిగబట్టింది.

"అద్భుతం," అన్నారాయన. "ఈ తల్లి కోరిక తీర్చాల్సిందే. ఆవిడెవరో కనుక్కుని మొదటి లబ్ధిదారుగా ఆవిడనే పంపించండి."

ఆయన కారెక్కేలోగా పీఆర్వో గారు సిబ్బంది జాబితా తెరిచారు. తూకం కౌంటర్, స్త్రీ, సర్వీసు ఇరవై నాలుగేళ్లు. నలభై బ్రాంచిలకూ కలిపి ఒక్క పేరే వచ్చింది.

"సార్, ఆవిడ మా అమ్మ," అంది ట్రైనీ.

"ఇంకా మంచిది. అనుమతి తీసుకునే పని తప్పింది."

"అది కాదు సార్. ఆవిడకి ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. ఆవిడ వెళ్లాలనుకోవట్లేదు. ఆ ఇరవై నాలుగుని ఇరవై మూడు చేద్దాం సార్."

పీఆర్వో గారు పెదవి కదుపుతూ రెండుసార్లు చదివి చూసుకున్నారు. "ఇరవై మూడులో బరువు లేదమ్మా," అన్నారు. ప్రెస్ నోట్ అప్పటికే వెళ్లిపోయింది.

మర్నాడు అన్ని పేపర్లలోనూ వచ్చింది. అమ్మ వంటగది గుమ్మం దగ్గర నిలబడి చదివింది. ట్రైనీ నేల చూపులు చూస్తూ ఉండిపోయింది. అంత సిగ్గు ఆమె తన ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ పడలేదు.

"ఇది నేనెప్పుడన్నానే?"

"నువ్వనలేదమ్మా. నేను రాశాను. స్టూలు ఇస్తారనుకున్నాను."

అమ్మ మళ్లీ చదివింది. "బాగానే రాశావు," అంది. "నా మాటే కదా, కొంచెం పక్కకి వెళ్లింది." తర్వాత టిఫిన్ బాక్సు కట్టుకుని ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్లింది. మధ్యాహ్నానికే తిరిగొచ్చేసింది. బ్రాంచి మేనేజరు ఆవిడ చేతికి కాగితాలిచ్చాడట. దరఖాస్తు ఉండాల్సిన చోట పేపరు కటింగు జత చేసి ఉందట. "ఇంత బహిరంగంగా కోరుకున్నాక ఇప్పుడు కాదంటే చైర్మన్ గారిని అవమానించినట్టు అవుతుందమ్మా, ఒక సంతకం పెట్టండి" అన్నాడట. ఎవరికీ ఎదురు చెప్పడం అలవాటు లేని మనిషి, పెట్టేసింది.

ట్రైనీ పరుగు పరుగున ఆఫీసుకి వెళ్లింది.

"సార్, సవరణ ప్రకటన ఇవ్వండి."

"సవరణ అంటే తప్పు జరిగిందని అర్థం వస్తుందమ్మా. మనం ఇరవయ్యేళ్లుగా ఒక్క సవరణా ఇవ్వలేదు."

"జరిగింది కదా సార్. మా అమ్మ బాధపడుతోంది."

"ఎవరు చెప్పారు? సంతోషంగా ఉన్నారని పేపర్లో ఉంది."

"అది నేను రాసింది సార్! నేను రాస్తే నిజమైపోతుందా?"

పీఆర్వో గారి ముఖంలో అభినందన కళ మొట్టమొదటిసారి తగ్గింది. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "ఈ గదిలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదమ్మా ఇంతవరకూ," అన్నారు. కాసేపాగి, "అంతగా కావాలంటే సవరణకి కూడా ఒక స్పందన రాసుకుని రా. చూద్దాం," అన్నారు. ట్రైనీ కంప్యూటరు ముందు గంటసేపు కూర్చుంది. ఊళ్లో అందరి చేతా మాట్లాడించిన ఆ చేతికి, మా అమ్మని పనిలో ఉండనివ్వండి అనే ఒక్క వాక్యం రాలేదు. ఏది రాసినా అబద్ధంలాగే కనిపించింది.

మూడో వారంలో ఏడో బ్రాంచిలో సన్మానం జరిగింది. చైర్మన్ గారు వేదికెక్కి, కూర్చోవాలన్న ఒక శ్రామికురాలి కలని తాను నిజం చేస్తున్నానని చెప్పి, ఒక చేతుల కుర్చీ బహూకరించారు. అమ్మ అందులో కూర్చుంది. ఫొటోగ్రాఫరు మూడు ఫొటోలు తీశాడు. నాలుగోదానికి చైర్మన్ గారు కుర్చీ మీద చెయ్యి వేశారు. అవగానే ఫర్నిచర్ సెక్షన్ వాళ్లొచ్చి, "స్టాకులోదమ్మా, కొంచెం లేస్తారా?" అన్నారు. అమ్మ లేచి, కొంగుతో దాన్ని తుడిచి మరీ ఇచ్చింది. ట్రైనీ ఆ ప్రెస్ నోట్‌కి అవసరమైన స్పందన రాయలేదు. ఎవరూ ఆ లోటు గమనించలేదు. పాత స్పందనే మళ్లీ వేశారు.

నాలుగో వారం చివరి రోజు పీఆర్వో గారు, "నీ సర్టిఫికెట్ నువ్వే రాసుకో అమ్మా, సంతకం పెడతాను," అన్నారు. ఆమె "చెప్పిన ప్రతి పనీ చేసినది" అని ఒక్క లైను కొట్టింది. ఆయన దాని చివర "కళ్లు చెమర్చే విధంగా" అని పెన్నుతో చేర్చి సంతకం చేశారు. ఆఖరి పనిగా ఏడో బ్రాంచికి వెళ్లి కొత్త యంత్రం ఫొటో తీసుకురమ్మన్నారు.

అమ్మ నిలబడే చోట యంత్రం ఉంది. కొత్తది, తెల్లగా మెరుస్తోంది. దాని కింద నాలుగు కాళ్ల స్టూలు ఒకటి, రబ్బరు తొడుగులతో సహా.

"ఈ స్టూలు ఎక్కడిదండీ?" అంది ట్రైనీ.

"హెడ్డాఫీసు పంపిందమ్మాయ్," అన్నాడు మేనేజరు. "నేల మీద పెడితే తడికి పాడవుతుందని కంపెనీవాళ్లు రాసిచ్చారు. పొద్దున్న అడిగితే సాయంత్రానికి మంజూరైంది. పాత ఫైలేదో సిద్ధంగా ఉందట, సంతకమే తరువాయి అట."

ట్రైనీ ఫొటో తీసింది. మొదటిది మసకగా వచ్చింది. కళ్లు తుడుచుకుని మళ్లీ తీసింది. ప్రెస్ నోట్‌లో తన స్పందన అచ్చయిన నాలుగు వారాలకి అది నిజమైంది, గడపే వేరు.

ఇంటికెళ్లేసరికి అమ్మ వంటగదిలో నిలబడి కూర తరుగుతోంది. సర్టిఫికెట్ తీసుకుని తడిచెయ్యి తగలకుండా అంచులు పట్టుకుని చదివింది, జాగ్రత్తగా అలమరలో పెట్టింది.

"నా కౌంటర్ చూశావా? యంత్రం ఎలా ఉందే?"

"కూర్చుని ఉందమ్మా. స్టూలు మీద."

అమ్మ చాకు పక్కన పెట్టింది.

"పోనీలే," అంది. "మంజూరైందన్నమాట."