అలాస్కాలో ఆరిన రేడియో, ఆల్బుకర్కీలో వెలిగిన గీత

నిజంగా పనిచేసే యంత్రం కంటే కంప్యూటర్లో పనిచేసే యంత్రమే మేలు! ఈ మాట ఊరికే అనడం లేదు. అమెరికాలో, ఆల్బుకర్కీలోని ఒక ల్యాబ్‌లో తల నెరిసిన ఇంజినీరుని.

మేం చేసేది వేడి నుంచి నేరుగా కరెంటు తీసే పరికరం. లోపల రెండు లోహపు పలకలు, మధ్య వెంట్రుక మందమంత ఖాళీ. ఒక పలకను ఎర్రగా కాలిస్తే ఎలక్ట్రాన్లు రెండోదాని మీదికి దూకుతాయి. చదవడానికి ఎంత హాయిగా ఉంది?

చేయడానికే హాయి లేదు. పూర్వం దాన్ని కొలిమిలో పెట్టి చూసేవాళ్లం. పలక వంగి రెండోదానికి అంటుకునేది, మా వేళ్లు కాలేవి. ఇప్పుడంతా కంప్యూటర్ మోడలే. అందులో పలకలు వంగమన్నా వంగవు. మేం కాల్చుకునేది మధ్యాహ్నం తినే వేడి బరిటో రొట్టెతో నాలుక మాత్రమే.

లెక్క కుదరకపోతే? దిద్దుబాటు అంకె అని ఒకటుంది. పరీక్షలో వచ్చిన గ్రాఫు గీత మీద మోడల్ గీత కూర్చునేదాకా దాన్ని తిప్పుతాం. ఈసారి కొత్త మోడల్ గీత తిప్పకుండానే కూర్చుంది. మా డైరెక్టర్ గోర్డన్ హాల్వర్సన్ కేకు కోయించారు. తీరా చూస్తే కొలిమిని ఎప్పుడో తుక్కుకి అమ్మేశాం. పరీక్ష ఫలితం అనుకున్నది మా పాత మోడల్ గీసిన గీత. తల్లీపిల్లలకు పోలికలు రాకుండా ఎక్కడికి పోతాయి?

ఆ పరికరాన్ని అలాస్కా తీరంలో ఒక రేడియో కేంద్రానికి పంపాం. అక్కడ రేడియో చూసుకునే ఎడ్నా అనే పెద్దావిడ హాల్వర్సన్‌కు శాటిలైట్ ఫోన్ చేసింది.

"అబ్బాయ్, నీ డబ్బా కరెంటు ఇవ్వట్లేదు. గాలివాన ముంచుకొస్తోంది. మావాళ్లు వేటకని మంచు మీదికెళ్లారు, వెనక్కి పిలవాలి."

హాల్వర్సన్ కంప్యూటర్ తెర వంక చూశారు. "ఇక్కడ బాగానే ఇస్తోందండీ."

"అయితే నువ్వే పిలువు వాళ్లని," అంది.

ఎడ్నా మనవరాలు స్నోమొబైల్ అనే మంచు బండి మీద వెళ్లి అందర్నీ వెనక్కి తెచ్చింది. ఆ వార్త వచ్చేదాకా నేను ఫోన్ పక్కనే కూర్చున్నాను. మా ల్యాబ్ మాత్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. దిద్దుబాటు అంకె తిప్పితే మోడల్లోనూ కరెంటు పోయింది. గీతలు మళ్లీ కలిశాయి, మళ్లీ కేకు.

నేనే చాదస్తం కొద్దీ అడిగాను, ఆవిడకు పంపే కొత్త పరికరాన్నయినా ఒక్కసారి నిజం మంట మీద పెట్టి చూద్దామని.

హాల్వర్సన్ కాదనలేదు. ఆ పరీక్ష ఎలా వస్తుందో ముందు మోడల్ చేసి చూపించమన్నారు.

చేశాను. పరీక్ష అక్కర్లేదని వచ్చింది.